సాంబ మసూరి విలువ ఏ ఖాతాలో ఉంది?

క్లుప్తంగా: విశ్వవిద్యాలయం సృష్టించే విలువలో ఎక్కువ భాగం దాని పద్దు పుస్తకాల్లోకి రాదు. మనుషుల నైపుణ్యం, వాళ్లు రిటైరైనా నిలిచే వ్యవస్థ, బయటివాళ్ల నమ్మకం కలిసినప్పుడే ఆ విలువ పుడుతుంది. అనుభవించేది మాత్రం రైతు, మిల్లరు, అన్నం తినేవాళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన వరి వంగడాలు దీనికి దగ్గరి ఉదాహరణ. జన్యు సవరణ వరి రావడంతో, విలువ పుట్టించిన సంస్థకు అందులో వాటా ఎంతన్న పాత ప్రశ్న మళ్లీ తెరమీదికి వచ్చింది.

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, పిలుపు పేరు కమల. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. రెండూ జన్యు సవరణతో తయారైనవి. అంటే వేరే జీవి జన్యువును తెచ్చి పెట్టలేదు, వరిలో ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించి మార్చారు. కమలను రూపొందించింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ (డీఆర్ఆర్ దాని పాత పేరుకు పొట్టి రూపం), రెండోదాన్ని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ.

ఆ రోజు నుంచీ చర్చ భద్రత, అనుమతులు, విత్తన హక్కుల చుట్టూ తిరిగింది. ఈ హడావిడిలో ఒక వివరం వెనకబడిపోయింది. కమలకు మూలం సాంబ మసూరి, అంటే కిరాణా కొట్లో 'బీపీటీ' అని అడిగి తెచ్చుకునే బియ్యం. పూసా రకానికి మూలం కాటన్ దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010. మొదటిది బాపట్లలో పుట్టింది, రెండోది పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో. రెండు చోట్లా ఉన్నవి రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాలే. దేశంలో తొలి జన్యు సవరణ వరి రకాలు రెండూ ఒకే విశ్వవిద్యాలయం వంగడాల మీద నిలబడ్డాయి.

ఇది యాదృచ్ఛికం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మేధో మూలధనం అన్న మాటను కాస్త విప్పాలి.

మూడు రాళ్ల పొయ్యి

ఈ మాట కంపెనీల ప్రపంచంలో పుట్టింది. స్వీడన్ బీమా సంస్థ స్కాండియా 1994లో వార్షిక నివేదికకు అనుబంధంగా తన మేధో మూలధనం మీద ఒక నివేదిక వేసింది. దాని వెనక ఉన్న వ్యక్తి లీఫ్ ఎడ్విన్సన్. అప్పటి నుంచి ఈ మూలధనాన్ని మూడు భాగాలుగా చూడటం అలవాటైంది. మనుషుల తలలో, చేతిలో ఉన్నది మానవ మూలధనం. సాయంత్రం అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక ఆఫీసులో మిగిలేది వ్యవస్థాగత మూలధనం: రికార్డులు, పద్ధతులు, డేటా, ల్యాబులు, హక్కు పత్రాలు. బయటివాళ్లు సంస్థ మీద పెట్టుకున్న నమ్మకం, వాళ్లతో నడిచే ఇచ్చిపుచ్చుకోవడం సంబంధాల మూలధనం.

కంపెనీ విషయంలో దీన్ని లెక్కగట్టడానికి ఒక మోటు పద్ధతి ఉంది. షేర్ మార్కెట్‌లో కంపెనీకి పలికే విలువలోంచి పుస్తకాల్లో రాసుకున్న విలువ తీసేస్తే మిగిలేది కంటికి కనపడని ఆస్తి. విశ్వవిద్యాలయానికి షేరు ధర లేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. అది చేసే పనిలోకి దిగి చూడాల్సిందే.

దిగి చూస్తే మొదట తెలిసేది, ఈ మూడూ విడివిడిగా కూడుకునే అంకెలు కావని. మూడు రాళ్ల పొయ్యిలో ఒక రాయి తీసేస్తే మిగతా రెండు ఎంత గట్టివైనా గిన్నె నిలవదు. ఇక్కడా అంతే.

కత్తెర, చిమటా, చూపు

వరి పువ్వులో ఆరు కేసరాలుంటాయి. రెండు రకాలను సంకరం చేయాలంటే, సాయంత్రం పూట తల్లి మొక్క కంకిలో ఇంకా విచ్చుకోని పువ్వుల కొనలను చిన్న కత్తెరతో కత్తిరించి, చిమటాతో ఆ ఆరింటినీ తీసేస్తారు. ఒక్కటి మిగిలినా పువ్వు తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది, చేసిన పని వృథా. కంకికి బటర్ పేపర్ సంచి తొడుగుతారు. మర్నాడు పదింటి వేళ తండ్రి మొక్క పూలు విచ్చుకున్నాక ఆ పుప్పొడిని తెచ్చి దీనిమీద దులుపుతారు. కొన్ని పూలు గింజ కడతాయి, చాలా పూలు కట్టవు.

ఇంతవరకు నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. అసలు కష్టం రెండో తరంలో మొదలవుతుంది. మడిలో వేల మొక్కలు లేస్తాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. గట్టు మీద నడుస్తూ, వంగి కంకి పట్టుకుని చూస్తూ, ఏది ఉంచాలో ఏది వదిలేయాలో తేల్చాలి. గింజ సన్నగా ఉన్న మొక్క పడిపోయేలా ఉండొచ్చు, గట్టిగా నిలబడ్డ మొక్క గింజ లావుగా ఉండొచ్చు. ఇలా ఆరేడు తరాలు వడపోస్తేగానీ లక్షణాలు స్థిరపడవు. ఆపైన పరీక్షలు. మొత్తం కలిపి పదేళ్లు పట్టడం మామూలే. ఆ పదేళ్లలో బ్రీడర్‌కు, అంటే వంగడం రూపొందించే శాస్త్రవేత్తకు, వచ్చే చూపు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. పక్కన నడిచిన జూనియర్‌కు మాత్రమే అబ్బుతుంది. మానవ మూలధనం అంటే కాగితం మీద కనిపించే డిగ్రీల కన్నా ఎక్కువగా ఇదే.

ఆ చూపుకు పని దొరకాలంటే చేతికి మంచి తల్లిదండ్రులు రావాలి. సాంబ మసూరి వంశవృక్షం చూస్తే అది ఎన్ని ఊళ్ల పంటో అర్థమవుతుంది. జీఈబీ-24 కోయంబత్తూరు పరిశోధన కేంద్రం 1921లో ఇచ్చిన రకం. టీఎన్-1 తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం. మసూరిది ఇంకా పెద్ద ప్రయాణం. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పథకం కింద కటక్‌లో జరిగిన సంకరాల విత్తనం మలేసియా వెళ్లింది. అక్కడ వడపోతలో తేలిన రకానికి 1965లో మసూరి అని పేరు పెట్టి విడుదల చేశారు, ఆ తర్వాత అది తిరిగి మన డెల్టాల్లోకి వచ్చింది. ఈ మూడింటినీ కలిపి బాపట్ల వ్యవసాయ కళాశాల పొలంలో తయారుచేసిన రకం 1986లో బీపీటీ 5204 పేరుతో విడుదలైంది. దానికి కావాల్సిన ముడిసరుకు శాస్త్రవేత్తల మధ్య, కేంద్రాల మధ్య నడిచిన విత్తనాల మార్పిడితో బాపట్ల చేరింది. సంబంధాల మూలధనం అన్న పెద్దమాటకు పొలం గట్టు మీద అర్థం ఇది.

ఇక వ్యవస్థ. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మార్టేరు, ఎన్ఎల్ఆర్ నెల్లూరు, జేజీఎల్ జగిత్యాల, డబ్ల్యూజీఎల్ వరంగల్, ఆర్ఎన్ఆర్ రాజేంద్రనగర్. పక్కనున్న అంకె ఆ కేంద్రం తన రిజిస్టరులో ఆ వరుసకు, అంటే వడపోతలో ఉన్న ఆ మొక్కల వంశానికి, ఇచ్చుకున్న నంబరు. ఈ రిజిస్టర్లు, ఫీల్డ్ బుక్కులు, చల్లగదుల్లో దాచిన విత్తన నమూనాలు లేకపోతే ప్రతి కొత్త శాస్త్రవేత్తా ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. మార్టేరు కేంద్రం 1925 నాటిది. బాపట్ల కళాశాల 1945లో వచ్చింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డప్పుడు ఇలాంటి పాత కేంద్రాలన్నీ ఒక గొడుగు కిందికి చేరాయి. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సహకారంతో, అక్కడి ల్యాండ్ గ్రాంట్ పద్ధతిని అనుసరించి, పాఠం, పరిశోధన, రైతుకు చేరవేత ఒకే సంస్థ చేతిలో పెట్టారు. క్లాసులో తెగుళ్ల పాఠం చెప్పే మనిషే మధ్యాహ్నం మడిలో తెగులు చూస్తాడు, మర్నాడు రైతు సదస్సులో మాట్లాడతాడు. జిల్లాల్లో రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రాలు ఈ ఏర్పాటుకు తర్వాత వచ్చిన కొనసాగింపు.

చేరవేతలోనూ ఓ నిచ్చెన ఉంది. విడుదలకు ముందే రైతులకు మినీకిట్లు, అంటే చిన్న విత్తన పొట్లాలు, ఇచ్చి వాళ్ల పొలాల్లోనే రకాన్ని పరీక్షిస్తారు. విడుదలయ్యాక శాస్త్రవేత్త కంటి ముందు పండే బ్రీడర్ విత్తనానికి పసుపు ట్యాగు, దాన్నుంచి వచ్చే ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగు, రైతు కొనే సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగు. బస్తా మెడకు వేలాడే ఆ నీలం కాగితం వెనక రెండు మూడేళ్ల పని ఉంటుంది.

అన్నీ కుదిరినా చివరి తీర్పు మిల్లు దగ్గర పడుతుంది. కొనేవాడు గుప్పెడు వడ్లు అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, గింజను పంటి కింద కొరుకుతాడు. టిక్కుమని విరిగితే తేమ సరిపోయినట్టు. సన్నగా ఉందా, నూక ఎంత పోతుంది, వండితే పొడిపొడిగా వస్తుందా అన్నది అతనికి ఆ రకం పేరు వినగానే తెలుసు. నాలుగు దశాబ్దాల్లో బీపీటీ సంపాదించుకున్నది ఈ గుర్తింపునే. కర్నూలు సోనా, నంద్యాల సోనా అని ఇక్కడ, ఆంధ్రా పొన్ని అని తమిళనాడులో పేర్లు మారినా గింజ అదే.

కమల తయారీకి సాంబ మసూరినే ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడ తెలుస్తుంది. దానికి లోపాలు బోలెడు. పంటకాలం 150 రోజుల దాకా సాగుతుంది, తెగుళ్లకు తొందరగా లొంగిపోతుంది. అయినా రైతూ మిల్లరూ వదలరు. ఆ లోపాలు ఒక్కొక్కటే సరిచేస్తే చాలు, మార్కెట్‌ను కొత్తగా ఒప్పించే పని ఉండదు. 2008లో అదే వరి సంస్థ, హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకర పద్ధతిలో సాంబ మసూరిలోకి తెచ్చినా, ఇప్పుడు కమల దిగుబడిని 19 శాతం పెంచి పంటకాలాన్ని దాదాపు 20 రోజులు తగ్గించిందని చెబుతున్నా, లెక్క ఒకటే. మార్టేరు రకం స్వర్ణ కథా ఇంతే. 1982 నాటి ఎంటీయూ 7029 ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది కాబట్టే, రెండు వారాల ముంపును తట్టుకునే ఒడిశా దేశవాళీ రకం జన్యువును దానికి జోడించారు. ఆ స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

పుస్తకాల్లో ఎందుకు కనబడదు

ఇంత విలువ విశ్వవిద్యాలయం వార్షిక లెక్కల్లో ఎక్కడ ఉంటుంది? జీతాల పద్దులో ఉంటుంది, ఖర్చుగా. అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం పరిశోధన దశలో పెట్టిన డబ్బు ఆ ఏటి ఖర్చే, ఆస్తి కాదు. ఉద్యోగి ఎప్పుడైనా వెళ్లిపోగలడు కాబట్టి అతని నైపుణ్యమూ ఆస్తి కాదు. ఇందులో తర్కం ఉంది: పరిశోధన ఫలిస్తుందో లేదో ముందే తెలియదు, ఆశను ఆస్తిగా రాసుకోనిస్తే ప్రతి సంస్థా కోటీశ్వరుడే. కానీ ఫలించాక కూడా వెనక్కి వెళ్లి సరిచేసే పద్దు లేదు. జాతీయ ఆదాయం లెక్కల్లో 2015లో వచ్చిన కొత్త సిరీస్ నుంచి పరిశోధనను పెట్టుబడిగానే చూస్తున్నారు. ప్రభుత్వ సంస్థల విషయంలో దాన్నీ అయిన ఖర్చుతోనే విలువ కడతారు. కాబట్టి దేశం మొత్తం తిన్న వంగడమైనా, మొదటి ఏడే మూలనపడ్డ వంగడమైనా శాస్త్రవేత్త జీతం ఒకటే అయితే విలువా ఒకటే.

ఈ ఖాళీని పూరించడానికి ఆస్ట్రియా వేరే దారి పట్టింది. అక్కడి 2002 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయం డబ్బు లెక్కలతో పాటు 'జ్ఞాన పద్దు' కూడా ప్రచురించాలి. మానవ, వ్యవస్థాగత, సంబంధాల మూలధనం మూడింటి మీదా అందులో సూచికలు, వివరణలు ఉంటాయి. ప్రభుత్వంతో మూడేళ్లకోసారి చేసుకునే ఒప్పందానికి ఇది ముడిపడి ఉంటుంది. మూడింటినీ విడివిడిగా అడగడం వల్ల 'బయటి సంబంధాలు ఎలా ఉన్నాయి' అన్న ప్రశ్నకు ప్రతి సంస్థా ఏదో ఒక జవాబు రాయక తప్పదు. ఆ జవాబు అంకెగా మారినప్పుడు ఎంత అర్థం మిగులుతుందన్నది వేరే సంగతి.

మన దగ్గర ఆ పాత్ర ర్యాంకింగులు తీసుకున్నాయి. 2015లో మొదలుపెట్టి 2016 నుంచి ప్రకటిస్తున్న కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్‌లో బోధనా వనరులకు 30, పరిశోధనకు 30, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలకు 20, అందరికీ అవకాశానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 శాతం బరువు. విశ్వవిద్యాలయాల విభాగంలో పరిశోధన పద్దు లోపల 100లో 15 మార్కులు పేటెంట్లవి. వచ్చినవాటికే కాదు, ప్రచురితమైన దరఖాస్తులకూ కొంత వాటా ఉంది. 2021లో విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులు 80 శాతం తగ్గించారు. మార్కు ఉంది, ఫీజు తక్కువ. దరఖాస్తులు పెరగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. వాటిలో ఎన్ని వాడుకలోకి వచ్చాయన్నది ఈ మార్కుల్లో భాగం కాదు.

వరి వంగడానికి వస్తే ఈ కొలత మరీ పనికిరాదు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు, రకాలకు పేటెంట్ ఇవ్వరు. సాంబ మసూరి పేటెంట్ గడిలో సున్నా. ఎవరూ వాడని ఒక పరికరం డిజైన్ అదే గడిలో ఒకటి. కొలిచే గీత ఎటు ఉంటే సంస్థల ప్రయత్నం అటే వంగుతుంది, అందుకు వాటిని తప్పుపట్టి లాభం లేదు.

పుట్టించేది ఒకరు, పట్టుకునేది మరొకరు

విలువ పుట్టడం వేరు, అందులోంచి వాటా పట్టుకోవడం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే విశ్వవిద్యాలయాల మీద జరిగే చర్చ చాలాసార్లు దారి తప్పుతుంది.

పట్టుకోవడంలో పేరున్న ఉదాహరణ అమెరికాది. ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన మీద హక్కులు విశ్వవిద్యాలయాలే ఉంచుకోవచ్చని 1980లో బే-డోల్ చట్టం తేల్చింది. గూగుల్ వెతుకులాటకు మూలమైన పేజ్‌ర్యాంక్ పేటెంట్ స్టాన్‌ఫర్డ్‌ది. లైసెన్సుకు బదులుగా తీసుకున్న షేర్లు అమ్మి ఆ విశ్వవిద్యాలయం 33.6 కోట్ల డాలర్లు సంపాదించింది. అంతకుముందు జన్యువులను అతికించే కోహెన్-బోయర్ పేటెంట్ల మీద స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలకు దాదాపు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ లైసెన్సులను ఒక్క కంపెనీకి కట్టబెట్టకుండా అడిగిన అందరికీ ఓ మోస్తరు ధరకు ఇచ్చారు, వందల కంపెనీలు తీసుకున్నాయి. వాటా చిన్నదిగా ఉంచడం వల్లే వాడకం పెరిగి మొత్తం పెద్దదైంది. అయితే ఇవి లాటరీ తగిలిన పేర్లు. చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో టెక్నాలజీ బదిలీ ఆఫీసు ఖర్చు కూడా తిరిగి రాదు.

బే-డోల్ తరహా బిల్లును మన ప్రభుత్వం 2008లో రాజ్యసభలో పెట్టింది. విమర్శల మధ్య ఏళ్ల తరబడి నానిన ఆ బిల్లును 2014లో వెనక్కి తీసుకున్నారు. మొక్కల విషయంలో మాత్రం 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం పంట రకాన్ని రూపొందించిన సంస్థకు 15 ఏళ్ల హక్కు ఉంటుంది. రైతు మాత్రం తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండ్ పేరు వాడకుండా అమ్ముకోవచ్చు కూడా. రకాల నమోదు 2007లో మొదలైంది. 1986 నాటి సాంబ మసూరికి ఆ 15 ఏళ్లు అప్పటికే గడిచిపోయాయి.

ఒకవేళ హక్కు ఉండి ఉంటే ఎంత వచ్చేది? ఊహకు ఒక లెక్క వేద్దాం. ఎకరానికి 25 కిలోల విత్తనం, కిలోకు రూపాయి రాయల్టీ అనుకుంటే ఎకరానికి 25 రూపాయలు. పది లక్షల ఎకరాల్లో ప్రతి రైతూ ఏటా కొత్త విత్తనమే కొన్నా రెండున్నర కోట్లు. ఇప్పుడు అవతలి వైపు చూడాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. ఎకరానికి 25 క్వింటాళ్లు వేసుకుంటే 12,500 రూపాయలు. బోనస్ ఖజానా నుంచి వెళ్లేది, దాన్ని వంగడం విలువ అనడం పొరపాటు. కానీ సన్న గింజ కోసం సమాజం ఎంత అదనంగా పెట్టడానికి సిద్ధపడిందో అది చెబుతుంది. 25 రూపాయలు ఒకవైపు, 12,500 ఒకవైపు. విశ్వవిద్యాలయం గట్టిగా వాటా అడిగినా దానికి దక్కేది చిటికెడే.

పైగా ఆ చిటికెడు అడిగి ఉంటే గింజ ఇంత దూరం పోయేదా అన్నది అనుమానమే. సాంబ మసూరి, స్వర్ణ పాకింది చాలావరకు రైతు చేతి నుంచి రైతు చేతికి. పక్క ఊరి బంధువు ఇచ్చిన బస్తా విత్తనానికి రాయల్టీ వసూలు చేసే యంత్రాంగం మన దగ్గర లేదు. ఇక్కడ పట్టు వదలడమే వ్యాప్తికి కారణం. నష్టం కూడా అక్కడే ఉంది. వాటా లేకపోతే తర్వాతి పరిశోధనకు డబ్బు ప్రభుత్వ గ్రాంటు నుంచే రావాలి. గ్రాంటు అడిగే చోట చూపించడానికి పద్దు లేదు.

కత్తెర ఒకరిది, మొక్క మరొకరిది

కమలతో ఈ తేడా ఇంకా స్పష్టంగా బయటపడింది. జన్యువును కత్తిరించే క్రిస్పర్ పరికరం కూడా విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిందే. 2020లో రసాయన శాస్త్రం నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వారు, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే ఆమెతో కలిసి పనిచేశారు. ఎంఐటీ, హార్వర్డ్‌లకు చెందిన బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ ఒక పక్క, బర్కిలీ ఇంకో పక్క నిలబడి పేటెంట్ల కోసం పదేళ్లుగా కోర్టుల్లో కొట్లాడుకుంటున్నాయి. 2022లో అమెరికా పేటెంట్ బోర్డు బ్రాడ్ వైపు తీర్పిచ్చింది. 2025 మే 12న, అంటే ఢిల్లీ ప్రకటన జరిగిన ఎనిమిది రోజులకు, అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పులో ముఖ్య భాగాన్ని కొట్టేసి మళ్లీ విచారించమని పంపింది.

ప్రయోగశాలలో వాడుకునేంత వరకు ఇలాంటి పేటెంట్లతో పెద్దగా చిక్కుండదు. విత్తనంగా అమ్మే దశలో లైసెన్సు ప్రశ్న వస్తుంది. అంటే ఒకే గింజలో రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థల మేధో మూలధనం కలిసి ఉంది. కత్తెరకు యజమాని ఎవరో తేల్చడానికి లాయర్ల సైన్యం ఉంది. మొక్కకు యజమాని ఎవరన్న ప్రశ్న పెద్దగా ఎవరూ వేయలేదు.

మన చట్టంలో దీనికి కొంత ఏర్పాటు ఉంది. ఒక రకాన్ని దాదాపు అలాగే ఉంచి ఒకటి రెండు లక్షణాలు మార్చి కొత్త రకం చేస్తే, దాన్ని మూల రకం మీద ఆధారపడి పుట్టిన రకంగా చూస్తారు. దానికి మూల రకం సొంతదారు అనుమతి కావాలి. జన్యు సవరణ రకాలకు సరిగ్గా సరిపోయే నిబంధన ఇది. కాకపోతే మూల రకానికి రక్షణ గడువు ఉన్నప్పుడే ఈ హక్కు పనిచేస్తుంది. సాంబ మసూరికే కాదు, 2000 నాటి ఎంటీయూ 1010కి కూడా 15 ఏళ్లు దాటిపోయాయి. ఇప్పుడు విడుదలవుతున్న రకాలను సకాలంలో నమోదు చేసుకుంటేనే రేపటి కమలల్లో వాటి సంస్థలకు మాట చెల్లుతుంది. జన్యు సవరణ ఖర్చు తగ్గేకొద్దీ ఈ చిన్న నిబంధన బరువు పెరగవచ్చు.

పంపకాల్లో తేలిన నిజం

2014లో రాష్ట్రంతో పాటు విశ్వవిద్యాలయమూ విడిపోయింది. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకున్న పాత సంస్థ గుంటూరు లాం చేరింది. రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరిట కొత్తది వచ్చింది. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు భవనాలు, భూములు, ఉద్యోగులు ఎక్కడివక్కడ తేలిపోయాయి. భవనం ఒకరికి పోతే రెండోవారికి ఉండదు. వంగడం అలా కాదు. గుప్పెడు విత్తనం ఇస్తే ఇచ్చినవాడి దగ్గర తరగదు.

తెలంగాణ సోనాగా పేరుబడ్డ ఆర్ఎన్ఆర్ 15048 దీనికి మంచి రుజువు. రాష్ట్రం విడిపోయాక విడుదలైన ఈ రకానికి తల్లిదండ్రులు మార్టేరు ఎంటీయూ 1010, జగిత్యాల జేజీఎల్ 3855. పుట్టిల్లు రాజేంద్రనగర్. ఆ సంకరం ఒకే విశ్వవిద్యాలయం రోజుల్లో జరిగింది. పంటకాలం తక్కువ, అగ్గి తెగులును తట్టుకుంటుంది, తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ 51 దరిదాపుల్లో ఉంది. ఈ చివరి గుణాన్ని పట్టుకుని 'షుగర్ ఫ్రీ బియ్యం' అని అమ్మేవాళ్లు తయారయ్యారు. అన్నంలో పిండిపదార్థం లేకుండా ఎలా ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రచారం మాట పక్కన పెడితే, ఈ గింజలో ఏ వాటా ఏ రాష్ట్రానిదని తేల్చడం అసాధ్యం.

విడిపోయినప్పుడు నష్టపోయేది కంటికి కనపడదు. మార్టేరు బ్రీడర్‌కు జగిత్యాలలో ఏ మడిలో ఏముందో తెలియడం, ఏడాదికోసారి అందరూ కూర్చుని ఎవరి వరుసలు ఎవరికి పనికొస్తాయో మాట్లాడుకోవడం ఒకప్పుడు ఒకే సంస్థ లోపలి వ్యవహారం. ఇప్పుడు రెండు సంస్థల మధ్య కాగితాలతో నడవాలి. దేశమంతటి వరి పరిశోధనను 1965 నుంచి కలుపుతున్న అఖిల భారత పథకం ఈ లోటును కొంత తీరుస్తుంది.

ఎక్కడ కారిపోతుంది

మేధో మూలధనం ఒక్కరోజులో పోదు. కుండకు పడ్డ సన్న చిల్లు లాగా కారుతుంది, అందుకే బడ్జెట్ సమావేశాల్లో ఎవరికీ కనపడదు. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ బోధన పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం, కాంట్రాక్టు అధ్యాపకులతో నెట్టుకురావడం తెలిసిందే. ఖాళీ పోస్టు వల్ల జీతం మిగులుతుంది, అది పద్దులో ఆదాగా కనిపిస్తుంది. సీనియర్ రిటైరయ్యే నాటికి పక్కన నడిచే జూనియర్ లేకపోతే ఆయన చూపు ఆయనతోనే వెళ్లిపోతుంది. పదేళ్ల తర్వాత ఆ పోస్టు భర్తీ చేసినా మనిషి దొరుకుతాడు కానీ ఆ పదేళ్ల వడపోత దొరకదు. ఉన్నత విద్యా శాఖ పరిధిలోని విశ్వవిద్యాలయాల అధ్యాపకుల రిటైర్మెంట్ వయసును తెలంగాణ ప్రభుత్వం 2025లో 60 నుంచి 65కు పెంచింది. దీనివల్ల చిల్లు కొన్నాళ్లు మూసుకుంటుంది. కొత్తవాళ్లు లోపలికి రాకపోతే ఐదేళ్లకు మళ్లీ అదే చోటికి వస్తాం.

భూమి సంగతి కాస్త భిన్నం. 2024 జనవరిలో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూముల్లో 100 ఎకరాలను కొత్త హైకోర్టు భవనాలకు కేటాయించడంపై విద్యార్థులు ఆందోళనకు దిగారు. రాజధాని మధ్యకు వచ్చేసిన భూమికి ప్రభుత్వం దృష్టిలో ఎకరా ధర ఉంటుంది. పరిశోధకుడి దృష్టిలో దానికి చరిత్ర ఉంటుంది: ఏ మడికి ఏ ఎరువు ఎన్నేళ్లు వేశారు, ఏ మూల నీరు నిలుస్తుంది, ఏది చౌడు. ఆ చరిత్ర తెలిసిన నేలలోనే రెండు రకాల దిగుబడి తేడా రకం వల్ల వచ్చిందా, నేల వల్ల వచ్చిందా అని తేల్చగలరు. బదులుగా వేరేచోట అంతే భూమి ఇచ్చినా ఆ రికార్డు మళ్లీ మొదటి పేజీ నుంచి రాయాలి. భూమి ధర లెక్కగట్టే కాగితంలో ఈ రికార్డుకు గడి లేదు.

కమల ఇంకా రైతు చేతికి రావాలి. పసుపు ట్యాగు, తెల్ల ట్యాగు దాటి నీలం ట్యాగు దాకా రావడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ ట్యాగు మీద పంట పేరు, రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, ఉత్పత్తిదారు చిరునామా ఉంటాయి. సాంబ మసూరి బస్తా మీద కనీసం 'బీపీటీ' అన్న మూడక్షరాలు ఉండేవి. మిల్లరుకూ కిరాణా కొట్టుకూ బాపట్ల అనే ఊరు గుర్తున్నది వాటివల్లే. కమల బస్తా మీద ఉండేది డీఆర్ఆర్.